సంగీత దర్శకుడితో ప్రశ్నోత్తరాలు: డాక్యుమెంటరీకి ముందా, తర్వాతా?

డాక్యుమెంటరీ వేసి, దానికి సంగీతం చేసినాయన్ని పిలిచి మాట్లాడిద్దాం అనుకోగానే మొదట వచ్చే పేచీ ఇదే. ముందు మాట్లాడిస్తే హాలు నిండుగా ఉంటుంది. తర్వాత అంటే, ఎండ్ టైటిల్స్ పడగానే చాలామంది లేచి వెళ్లిపోతారు. అందుకే నిర్వాహకులు ముందే పెట్టేద్దాం అంటారు. వాళ్ల టెన్షన్ వాళ్లది. చూసేవాళ్ల వైపు నుంచి మాత్రం నా ఓటు తర్వాతకే.

ముందే మాట్లాడిస్తే ఆయన మాటల్లో మాటగా, "కొడుకు గురించి తల్లి చెప్పే చోట చెల్లో మీద ఒక్క స్వరమే పట్టి ఉంచాను" అనేస్తాడు. ఇక ఆ సీను వచ్చేసరికి మన చెవి చెల్లో కోసం కాచుకుని కూర్చుంటుంది, తల్లి మాట సగం వినం. పైగా సినిమా చూడనివాళ్లు ఏం అడుగుతారు? "మీకు స్ఫూర్తి ఎవరు?" అని. దానికి ఆయన ఇంతకుముందు వందసార్లు చెప్పిన జవాబే మళ్లీ చెబుతాడు.

మాటల్లేని చిత్రాల సంగతి వేరు. 1982లో వచ్చిన 'కొయానిస్‌కాట్సీ'లో వ్యాఖ్యానం లేదు, సంభాషణలు లేవు. బొమ్మనీ ఫిలిప్ గ్లాస్ సంగీతాన్నీ పట్టుకునే నడవాలి. అలాంటి వాటికి ముందు ఓ ఐదు నిమిషాల పరిచయం ఉంటే కొత్తవాళ్లకు దారి దొరుకుతుంది. అంతకు మించితే విసుగే.

తర్వాత పెడితే అసలైన ప్రశ్నలు వస్తాయి. "ఆ అధికారి నోరు విప్పకముందే గుబులు పుట్టించే సంగీతం మొదలైంది. అతను దోషి అని మీరే తేల్చేసినట్టు కాదా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. డాక్యుమెంటరీ సంగీతం గురించి ఇంతకన్నా పెద్ద ప్రశ్న లేదు, ఎందుకంటే తెర మీద ఉన్నది పాత్ర కాదు, నిజం మనిషి. 1960లలో అమెరికాలో 'డైరెక్ట్ సినిమా', అంటే జరిగేదాంట్లో తలదూర్చకుండా ఉన్నదున్నట్టు చిత్రీకరించే డాక్యుమెంటరీలు, తీసినవాళ్లలో చాలామంది బయటి సంగీతం కలపడానికే ఇష్టపడలేదు. అలాగని సంగీతం మోసమని కొట్టిపారేయలేం. 1948 నాటి 'లూసియానా స్టోరీ' చిత్రానికి చేసిన సంగీతానికి వర్జిల్ థామ్సన్ మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి అందుకున్నాడు. టెంప్ ట్రాక్ సంగతీ అడగాలి. ఎడిటింగ్‌లో తాత్కాలికంగా వేరే ఎవరిదో సంగీతం వేసుకుని, దానికి అలవాటుపడిపోయి, "అచ్చం ఇలాగే కావాలి" అనే దర్శకులు తక్కువేం కాదు.

వీటన్నిటికన్నా నాకు నచ్చేది మూడో పద్ధతి: సినిమా అయ్యాక, అందులోంచే రెండు నిమిషాల ముక్కను మొదట సంగీతం లేకుండా, వెంటనే సంగీతంతో వేయడం. మొదటిసారి ఆ అధికారి చొక్కా గుండీ సవరించుకోవడం మామూలుగానే కనిపిస్తుంది. రెండోసారి అదే చెయ్యి ఏదో దాస్తున్నట్టు ఉంటుంది. అప్పుడు ప్రశ్నలు అడగండని బతిమాలక్కర్లేదు, మైకు కోసం చేతులు అవే లేస్తాయి. దీనికి ముందే ఏర్పాటు కావాలి. థియేటర్‌కు వచ్చే కాపీలో మాటలు, సంగీతం కలిసిపోయి ఉంటాయి కాబట్టి, సంగీతం తీసేసిన క్లిప్‌ను ఎడిటర్ దగ్గర విడిగా అడిగి తెప్పించుకోవాలి. చివరి నిమిషంలో అడిగితే దొరక్కపోవచ్చు.

ఆయన రాలేక వీడియో కాల్‌లో మాట్లాడతానన్నా ఇదే పద్ధతి పెట్టుకోవచ్చు, కాకపోతే క్లిప్ మాత్రం హాలు ప్రొజెక్టర్ మీదే వేయాలి. ఆయన తన గదిలో పియానో మీద వాయించి చూపిస్తానంటే, కాల్‌లో నాయిస్ తగ్గించే సెట్టింగ్ ఆపమని ముందే చెప్పాలి. లేకపోతే అది సాగే స్వరాన్ని కూడా చప్పుడు అనుకుని మింగేస్తుంది.