రెన్ అండ్ మార్టిన్: ఏడో తరగతికి పనికొస్తుందా?

ఏడో తరగతికి ఇంగ్లీషు చెబుతాను. గ్రామర్‌కి ఇప్పటికీ నా బల్ల మీద ఉండేది రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ పుస్తకమే, ఎన్.డి.వి. ప్రసాదరావు గారు సవరించిన ప్రతి. టెన్సులు, యాక్టివ్-పాసివ్ వాయిస్ ఎక్సర్‌సైజులకు దీనికి సాటి లేదు.

డైరెక్ట్-ఇండైరెక్ట్ స్పీచ్ దగ్గరికొచ్చేసరికి పిల్లలకు నిద్ర ముంచుకొస్తుంది. అన్నీ ముందూ వెనకా లేని విడి వాక్యాలాయె! అందుకే అక్కడ 1876 నాటి మార్క్ ట్వేన్ నవల టామ్ సాయర్ తీస్తాను, కంచెకు సున్నం కొట్టే ఘట్టం. కుర్రాళ్లకు ఇలాంటి అవకాశం రోజూ దొరుకుతుందా అని టామ్ తన స్నేహితుడు బెన్‌ను ఊరిస్తాడే, ఆ ప్రశ్నను ఇండైరెక్ట్‌లోకి మార్చమంటాను. బెన్ చేతిలో ఆపిల్ ఏమైందో తెలియాలని వెనక బెంచీ వాళ్లూ చివరిదాకా రాస్తారు.

రెన్ అండ్ మార్టిన్‌ను టీచర్లు కొనుక్కోవచ్చు. పిల్లాడి చేతిలో పెట్టి చదువుకోమంటే మాత్రం వాడికి టెన్షనే. జవాబులుండే కీ విడిగా అమ్ముతారు, పిల్లల కంట పడనివ్వకండి.