యూరియా క్రీమ్‌తో రెండున్నరేళ్లు, మధ్యలో ఒక పెళ్లి

మోచేతి పైనుంచి భుజం దాకా బొంబాయి రవ్వ చల్లినట్టు ఉండేది నా చర్మం. దురద లేదు, నొప్పి లేదు, ఒట్టి గరుకు. చిన్నప్పుడు అమ్మ "వేడి చేసింది" అని సబ్జా నీళ్లు తాగించేది, ఆదివారం వస్తే సున్నిపిండి పెట్టి బీరపీచుతో తోమేది. అప్పటికి నునుపుగా అనిపించేది. సాయంత్రానికి ఎర్రబడి, మర్నాటికి ఇంకా గరుకయ్యేది. అలా తోమడమే దాన్ని రెచ్చగొడుతోందని కూకట్‌పల్లిలో స్కిన్ డాక్టర్ చెప్పేదాకా తెలీదు. కెరటోసిస్ పిలారిస్ అట. వెంట్రుక కుదురు నోట్లో కెరటిన్, అంటే చర్మంలో ఉండే ఒక ప్రొటీన్, బిరడాలా గడ్డకడుతుంది. అంటుకోదు, హాని లేదు, చాలామందికి ఇంటి వారసత్వంగానే వస్తుంది. ఆ ఆదివారమే అమ్మ చేయి తడిమి చూశాను. ఆస్తి ఎవరిదో తెలిసిపోయింది.

రాసిచ్చింది యూరియా 10 శాతం, లాక్టిక్ యాసిడ్ 10 శాతం ఉన్న క్రీమ్. నాన్న ఫోన్లో విని "యూరియానా? ఒక బస్తా పంపియ్యమంటవా?" అన్నాడు. అమ్మేమో లాక్టిక్ యాసిడ్ అంటే పెరుగులో ఉండేదేగా, ఆ పెరుగే రాసుకోవచ్చుగా అంది. పెరుగులో ఉండేది ఒక శాతం అటూఇటూ. లెక్క చెప్పినా అమ్మ ఒప్పుకోలేదనుకోండి.

జూన్‌లో మొదలుపెట్టాను. స్నానం చేసి, ఒళ్లు పూర్తిగా ఆరకముందే, తడి మీదే రాయాలి. ఓపిక లేక వెంటనే జాకెట్ తొడుక్కుంటే చంకల దగ్గర తెల్లగా ఉండలు కడుతుంది, కాబట్టి ఐదు నిమిషాలు ఫ్యాన్ కింద నిలబడాల్సిందే. మూడు వారాల్లో చేయి మారిపోయింది. చీకట్లో భుజం తడుముకుని నేనే నమ్మలేదు. ఆఫీసులో ఇద్దరికి, అపార్ట్‌మెంట్‌లో ఒకరికి గొప్పగా చెప్పేశాను కూడా.

ఆ ధైర్యంతోనే రెండో ఏడాది మాఘమాసంలో పెద్దమ్మ కూతురి పెళ్లికి జీవితంలో మొదటిసారి స్లీవ్‌లెస్ జాకెట్ కుట్టించుకున్నాను. పెళ్లికి ముందురోజు సాయంత్రం పార్లర్‌లో చేతులకు వ్యాక్సింగ్. రాత్రి వరంగల్‌లో పెద్దమ్మ వాళ్లింట్లో స్నానం చేసి, రోజూ చేసే పనే కదా అని ట్యూబు పిండి రెండు చేతులకూ దట్టంగా పట్టించాను. అర నిమిషం ఏమీ లేదు. ఆ తర్వాత పచ్చిమిరపకాయలు నూరి రాసినట్టు మొదలైంది. బాత్రూమ్‌లోకి పరిగెత్తి మగ్గులతో నీళ్లు పోసుకుంటుంటే బయట చుట్టాలు "ఇంకా ఎంతసేపు?" అని తలుపు కొడుతున్నారు. మంట తగ్గడానికి గంట పట్టింది. ఎరుపు మాత్రం తగ్గలేదు. తెల్లారేసరికి ప్రతి కుదురు దగ్గరా కందిగింజంత ఎర్రటి మచ్చ. ఇన్నేళ్లూ దాచుకున్నదంతా వీడియో లైట్ల కింద ఒక్కసారిగా బయటపడింది. ఆ ఎండలో పట్టుచీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని కూర్చున్నాను. పెద్దమ్మ కొంగు కాస్త పక్కకి జరిపి చూసి "ఏందే, పారాణి కాళ్లకు గదా పెట్టుకునేది, చేతులకు పెట్టుకున్నవేంది?" అంది. పెళ్లి వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను, ఇంకేం చేస్తాను.

తప్పు క్రీముది అనలేను. చర్మం చెదిరిన చోట రాయొద్దని డబ్బా మీద చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. వ్యాక్సింగ్ అయ్యాక రెండు మూడు రోజులు ఆగాలని ఆ తర్వాత డాక్టర్ చెప్పింది. పార్లర్ అమ్మాయి నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు. అయినా ఆ ట్యూబు చూస్తే ఇప్పటికీ నాకు లోపల చిన్న కోపం.

ఇక ఆ మూడు వారాల మహిమ. అప్పుడు చెప్పనిది, నిజానికి నాకే తెలియనిది ఏంటంటే, ఆ మూడు వారాలూ హైదరాబాద్‌లో వానలు. గాలిలో తేమకే సగం గరుకు పోతుంది. డిసెంబర్ వచ్చి గాలి పొడిబారాక, పైన మా నిజాంపేట బోరునీళ్ల స్నానం తోడయ్యాక, అదే క్రీమ్ అదే చేతికి సగమే పనిచేసింది. వేడి నీళ్లు గోరువెచ్చగా మార్చాను, రాత్రి ఇంకోసారి మామూలు మాయిశ్చరైజర్ జోడించాను. ఆ చలికాలం అలా గట్టెక్కింది. మరో విషయం, గరుకు పోతుందిగానీ ఎర్రటి చుక్కలు అంత తేలిగ్గా పోవు. తడిమితే నునుపు, చూస్తే చుక్కలు. ఒకసారి సంక్రాంతికి అత్తగారింటికి వెళ్తూ ట్యూబు మర్చిపోయాను. రెండు వారాలకు రవ్వ మళ్లీ తేలింది. అంటే ఇది నయం చేసే మందు కాదు, పళ్లు తోముకోవడం లాంటి పని.

స్కూటీ మీద తిరిగేదాన్ని కాబట్టి ఒక మాట. లాక్టిక్ యాసిడ్ వాడే చర్మానికి ఎండ త్వరగా తగులుతుంది. మార్చి నుంచి పొడుగు గ్లౌజులు, సన్‌స్క్రీన్ తప్పట్లేదు.

కొనమంటారా అని అడిగితే, రోజూ స్నానం తర్వాత ఐదు నిమిషాలు ఆగగలిగినవాళ్లకి సరే అంటాను. ముఖానికి నేను రాసి చూడలేదు. గర్భంతో ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా ఏదీ మొదలుపెట్టొద్దు. మా పాపకి ఏడేళ్లు, మొన్న తలకి నూనె పెడుతుంటే దాని మోచేతి పైన కూడా రవ్వ తగిలింది. దానికి ఈ క్రీమ్ ఇప్పుడే వద్దన్నారు, వాసన లేని మామూలు మాయిశ్చరైజర్ చాలట. బీరపీచు మాత్రం అమ్మ చేతిలోంచి లాక్కుని అటక మీద పెట్టేశాను.