బిర్చ్ రసం: పచ్చిగా తాగాలా, పాకం కాచాలా, పులియబెట్టాలా?

మంచు కరగడం మొదలైతే చాలు, లాత్వియా, ఎస్తోనియా, ఫిన్‌లాండ్ ఊళ్లలో బిర్చ్ చెట్ల మొదళ్ల దగ్గర బకెట్లు, గాజు జాడీలు వెలుస్తాయి. తెల్లటి బెరడులోకి దిగిన చిన్న గొట్టం, దాని కింద పాత్ర, అందులోకి బొట్టుబొట్టుగా రాలే నీళ్లు. చదువుకో, ఉద్యోగానికో అక్కడికి చేరిన తెలుగువాళ్లకు ఆ దృశ్యం చూడగానే తాటినీరా గుర్తుకు రావడం సహజం. ఆ రుచిని మనసులో పెట్టుకుని గ్లాసు ఎత్తితే మాత్రం ఆశాభంగం తప్పదు. నీరాలో చక్కెర పది శాతం పైచిలుకు ఉంటుంది. బిర్చ్ రసంలో మహా ఉంటే ఒక శాతం, చాలా చెట్లలో అంతకన్నా తక్కువే. కింది తీర్పులన్నిటికీ ఆ ఒక్క శాతమే మూలం.

రెండు చెట్ల తీరు కూడా వేరు. తాటి గెల చివర కోస్తే కారేది ఆకులు అప్పటికప్పుడు వండి పంపుతున్న తీపి. బిర్చ్‌కు ఆ సమయంలో ఆకులే ఉండవు. నిరుడు వేసవిలో వేళ్లలో, కాండంలో దాచుకున్న పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకుని, కరిగిన నేల నుంచి నీళ్లు పీల్చి, వేళ్ల ఒత్తిడితోనే పైకి నెడుతుంది. కెనడా మేపుల్ చెట్టుకు రాత్రి గడ్డకట్టే చలి, పగలు వెచ్చదనం రెండూ కావాలి. బిర్చ్‌కు ఆ పట్టింపు లేదు. ఒకసారి మొదలైతే రాత్రీ పగలూ కారుతూనే ఉంటుంది. బాల్టిక్ దేశాల్లో మార్చి, ఏప్రిల్ నెలలు, ఫిన్‌లాండ్‌లో ఏప్రిల్, ఇంకా ఉత్తరానికి పోతే మే మొదటి రోజులు. మొత్తం రెండు నుంచి నాలుగు వారాల ముచ్చట. మొగ్గలు విచ్చుకుని ఆకు ఎలుక చెవంత అయిందని ఫిన్‌లాండ్ వాళ్లు అన్నారంటే పని ముగిసినట్టే. అప్పటికి రసం మసకబారి చేదెక్కుతుంది.

ముందుగా పచ్చి రసం. చెట్టు నుంచి దించిన రోజున దీనికి సాటి లేదు. నీళ్లంత తేటగా, మంచు చలితో గొంతు దిగుతుంది. మింగిన తర్వాత నాలుక మీద సన్నటి తీపి, దాని వెనక లేత చెక్క వాసన. అంతే, అంతకు మించి ఏమీ లేదు. మొదటి గ్లాసు వింతగా, రెండోది హాయిగా ఉంటుంది. ఐదో రోజుకు ఇంట్లో ఎవరూ సీసా వైపు చూడరు. గది వేడిలో ఒకటి రెండు రోజులకే తెల్లగా మారి పులుస్తుంది, ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు ఆగుతుంది. మిగిలినదాన్ని ఐసు ముక్కలుగా గడ్డకట్టించి పెట్టుకోవచ్చు. దీంతో టీ కాస్తే చక్కెర కొంచెం తగ్గించుకోవచ్చు. అన్నం వండటం మాత్రం రసాన్ని పారబోయడమే. ఆ తేడా పట్టుకోగల నాలుక నా దగ్గర లేదు.

దీని ఆరోగ్య మహిమల గురించి వినిపించే మాటలను సగానికి సగం తగ్గించుకోండి. 200 మిల్లీలీటర్ల గ్లాసులో చక్కెర రెండు గ్రాముల లోపే కాబట్టి శీతల పానీయాల కన్నా మేలు, సందేహం లేదు. మాంగనీసు బాగానే ఉంటుంది, పొటాషియం, కాల్షియం కొద్దికొద్దిగా. అయినా అది ప్రధానంగా నీళ్లే. పొటాషియం కోసమైతే కొబ్బరిబోండాం ముందు ఇది నిలవదు. ఇందులో జైలిటాల్ అనే, చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం ఉంటుందని, అందుకే పళ్లకు మంచిదని ఇంకొక ప్రచారం. జైలిటాల్‌కు బిర్చ్‌తో సంబంధం ఉన్నమాట నిజమే. 1970లలో ఫిన్‌లాండ్‌లోని తుర్కులో దాని మీద పేరుపొందిన దంత పరిశోధనలు జరిగాయి. కానీ దాన్ని తీసేది చెక్కలోని జైలాన్ అనే పదార్థం నుంచి, ఫ్యాక్టరీలో. చెట్టు కార్చే నీళ్లలో కాదు. బిర్చ్ పుప్పొడి పడనివాళ్లు మొదట ఒక గుక్కతో ఆగి చూసుకోవడం మంచిది.

ఇక పాకం. మేపుల్ సిరప్ పేరు విన్నవాళ్లకు మొదట పుట్టే ఆశ ఇదే. మేపుల్ రైతుల దగ్గర ఒక పాత లెక్క ఉంది: 86ను రసంలోని చక్కెర శాతంతో భాగిస్తే, ఒక పాలు పాకానికి ఎన్ని పాళ్ల రసం కావాలో తెలుస్తుంది. మేపుల్‌లో రెండు శాతం ఉంటుంది కాబట్టి నలభై లీటర్లకు ఒక లీటరు. బిర్చ్‌లో ఒక శాతం ఉన్నా 86 లీటర్లు, ముప్పావు శాతమైతే 115. స్థూలంగా నూటికి ఒకటి అనుకోండి. అంటే లీటరు పాకానికి 99 లీటర్ల నీళ్లను ఆవిరి చేయాలి. దానికి ఎంత లేదన్నా 70 యూనిట్ల కరెంటు. మన 14.2 కిలోల గ్యాసు బండతో చేస్తే ఒక్క లీటరు పాకానికే సగానికి మించి ఖాళీ. వంటింట్లో కాస్తే ఆ ఆవిరంతా గోడలకు పడుతుంది కూడా.

కష్టం అక్కడితో తీరదు. మేపుల్‌లో ఉండేది చాలావరకు సుక్రోజు, అంటే చెరకు చక్కెరే. బిర్చ్‌లో గ్లూకోజు, ఫ్రక్టోజు ఎక్కువ. ఫ్రక్టోజు తక్కువ వేడికే మాడుతుంది. ఎసరు మరిగినట్టు తెర్లనిస్తే చివరికి గిన్నె అడుగున మసే. ఆఖరి దశలో సన్నటి సెగ మీద గంటల తరబడి కాపలా కాయాలి. అలాస్కాలో అమ్మకానికి తయారుచేసేవాళ్లు ముందు ఆర్‌ఓ యంత్రంతో సగానికి పైగా నీళ్లు తీసేసి, ఆ తర్వాతే పొయ్యి ఎక్కిస్తారు. మనం ఆర్‌ఓ నుంచి వచ్చే మంచినీళ్లు పట్టుకుని మిగిలింది వదిలేస్తాం. వాళ్లు మంచినీళ్లు వదిలేసి మిగిలింది పట్టుకుంటారు. ఇంత చేశాక దక్కేది నల్లటి, ఘాటైన, తీపిలో పులుపూ చిరుచేదూ కలిసిన పాకం. రొట్టె మీద పోసుకోవడం కన్నా కాల్చిన చేప మీదో, వేయించిన గుమ్మడి ముక్కల మీదో చెంచాడు చిలకరించడానికి పనికొస్తుంది. రుచి గొప్పదే. కానీ చిన్న సీసా కొనుక్కోండి. దాని ధర చూసి మొదట గుండె గుభేలుమంటుంది, పై లెక్క గుర్తొస్తే న్యాయమే అనిపిస్తుంది.

నా ఓటు పులియబెట్టిన రసానికి. బిర్చ్‌ను తరతరాలుగా వాడుకున్న ఊళ్లు స్థిరపడింది కూడా దీని దగ్గరే. ఫ్రిజ్‌లు లేని కాలంలో బకెట్ల కొద్దీ వచ్చే రసాన్ని నేలమాళిగలోని చెక్క పీపాల్లో పోసి పులవనిచ్చేవారు. బెలారుస్‌లో వేయించిన బార్లీ గింజలు, ఎండిన రొట్టె ముక్కలు వేసి క్వాస్ అనే పులిసిన పానీయం చేస్తారు. అది గోధుమరంగులో, కమ్మటి మాడు వాసనతో ఉంటుంది. లాత్వియా పద్ధతి ఇంకా తేలిక. వడగట్టిన రసాన్ని సీసాల్లో పోసి, ఒక్కో దాంట్లో నాలుగైదు ఎండుద్రాక్షలు, బ్లాక్‌కరెంట్ అనే నల్లటి చిన్న పండ్ల పొద నుంచి తుంచిన చిన్న పుల్ల, కావాలంటే నిమ్మ తొక్క వేసి, బిరడా బిగించి చల్లటి చీకట్లో పెట్టడమే. ఎండుద్రాక్ష పైనుండే ఈస్టు, దాని తీపి కలిసి పని మొదలుపెడతాయి. కొన్ని వారాలకు బుడగలు కట్టి, పుల్లగా, నాలుకను చురుక్కుమనిపించే పానీయం తయారవుతుంది. జూన్ 23న వచ్చే లాత్వియా వేసవి పండుగ లీగో దాకా దాచుకుని తాగేవాళ్లున్నారు. పచ్చి రసంలో తేలిపోయే ఆ ఒక్క శాతం తీపి ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. అది తిండి, ఈస్టూ బాక్టీరియా దాన్ని తిని బుడగలనూ పులుపునూ ఇస్తాయి. మనకు తీపి మిగలకపోయినా బాధ లేదు.

ఇది కల్లా అని అడిగితే కాదనే చెప్పాలి. ఒక శాతం చక్కెరంతా పులిసినా ఆల్కహాల్ సుమారు అర శాతం దగ్గరే ఆగుతుంది. కల్లులో అంతకు ఎన్నో రెట్లు. అదనంగా చక్కెర పోస్తేనే లెక్క మారుతుంది, అక్కడే ప్రమాదం కూడా. రసంలో ముందే ఉన్న చక్కెర, అంటే లీటరుకు పది గ్రాములు, మూసిన సీసాలో పూర్తిగా పులిస్తే బీరులో ఉండేంత గ్యాసు పుడుతుంది. తీపి కోసమని ఇంకో పది గ్రాములు వేస్తే ఒత్తిడి షాంపేన్ దరిదాపులకు పోతుంది. మామూలు గాజు సీసా దానికి తట్టుకోదు, పగిలిపోతుంది. మొదటి ఏడాది సోడా అమ్మే ప్లాస్టిక్ సీసాలే వాడండి. వేళ్లతో నొక్కితే రాయిలా గట్టిపడిందంటే వెంటనే ఫ్రిజ్‌లోకి మార్చాలి. బూజు కట్టినా, వాసన కుళ్లుగా మారినా జాలిపడకుండా పారబోయండి.

దుకాణంలోని డబ్బాల సంగతి రెండు ముక్కల్లో చెప్పవచ్చు. సోవియట్ కాలంలో చక్కెర, నిమ్మ ఉప్పు కలిపి మూడు లీటర్ల జాడీల్లో అమ్మేవారు. అక్కడి పెద్దవాళ్లకు బిర్చ్ రసమంటే నేటికీ ఆ తీపి పులుపే. ఇప్పటి డబ్బాల్లోనూ చాలావాటిలో చక్కెరో పండ్ల వాసనో కలుస్తుంది. వెనక చీటీ చదివి, ఏదీ కలపనిది దొరికితే కొనండి. తోట లేనివాళ్లకు అది తప్పు కాదు.

చెట్టు ఉన్నవాళ్లకు మిగిలిన ప్రశ్న: రంధ్రమా, కొమ్మా? కావలసింది రోజుకో సీసా అయితే బరమా ముట్టకండి. బొటనవేలంత మందమున్న కొమ్మ చివర కోసి, దాన్ని సీసా మూతిలోకి దూర్చి, తాడుతో కట్టేయండి. నిండటానికి ఒక రోజు పట్టవచ్చు. చెట్టుకు అది చిన్న గాయమే, ఆకులు వచ్చేసరికి కారడం దానంతట అదే ఆగిపోతుంది. పచ్చిగా తాగి ముచ్చట తీర్చుకునేవాళ్లకు ఇంతకన్నా అక్కరలేదు.

పులియబెట్టడానికి ఇరవై ముప్పై లీటర్లు కావాలంటే రంధ్రం తప్పదు. కనీసం 25 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న చెట్టు, నేల నుంచి మోకాలికి కాస్త పైన, ఒక సెంటీమీటరుకు మించని వెడల్పు, మూడు నాలుగు సెంటీమీటర్ల లోతు, నీళ్లు బయటకు జారేలా కొద్దిగా పైకి వాలు. చెట్టుకు ఒక్కటే. పెద్ద చెట్టు రోజుకు ఐదు నుంచి పది లీటర్లు ఇస్తుంది కాబట్టి నాలుగైదు రోజుల్లో మీ పని అయిపోతుంది. గొట్టం తీసేయండి, వారాల తరబడి పిండాలనే ఆశ వద్దు. మేపుల్ తన గాయం చుట్టూ గోడ కట్టుకోవడంలో దిట్ట, బిర్చ్ ఆ విషయంలో బలహీనం. రంధ్రం బయట పూడుకున్నా లోపల చెక్కలో గోధుమరంగు మచ్చ పైకీ కిందకీ పాకుతుంది, కుళ్లు కూడా దాని వెంటే రావచ్చు. కర్ర మేకు బిగించినంత మాత్రాన ఆ మచ్చ ఆగదు. ప్లైవుడ్ కోసం బిర్చ్ పెంచే ఫిన్‌లాండ్ రైతుకు ఆ మొదలు దుంగ విలువ పోయినట్టే. అందుకే అక్కడ అడవిలో పండ్లు, పుట్టగొడుగులు ఎవరైనా ఏరుకోవచ్చు కానీ, బిర్చ్ రసానికి మాత్రం నేల యజమాని అనుమతి తప్పనిసరి. త్వరలో నరకబోయే చెట్లు ఎక్కడున్నాయో ఆయనకే తెలుస్తుంది. అడగండి, వాటికైతే ఎన్ని లీటర్లు తీసినా నష్టం లేదు.

మన దేశంలో బిర్చ్ లేదా అంటే ఉంది, పూర్వం తాళపత్రాలకు బదులు కాశ్మీరు పండితులు రాసుకున్న భూర్జపత్రం దాని బెరడే. గంగోత్రి నుంచి గోముఖం దారిలోని భోజ్‌బాసాకు పేరు ఆ చెట్ల వల్లే వచ్చింది, ఇప్పుడు అక్కడ మిగిలినవి కొన్నే. ఆ చెట్ల మీద బరమా పెట్టే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇంట్లోనే వదిలి బయల్దేరండి.