కొత్త ఫోన్: పన్నెండు గంటల సేలా, సుభాష్ రోడ్డులో అడ్వాన్సా?

మా మేనల్లుడికి కొత్త ఫోన్ల పిచ్చి. పిచ్చి అంటే ఒప్పుకోడు, "అప్‌గ్రేడ్ మామా" అంటాడు. వాడికి మొదటి జీతం వచ్చిన నెలలోనే ఒక కొత్త ఫోన్ విడుదలైంది. సేల్ మధ్యాహ్నం పన్నెండుకు. పదకొండున్నరకే ఇంట్లో ఉన్న మూడు ఫోన్లూ, ఒక లాప్‌టాప్ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. మా అక్క అన్నానికి పిలిస్తే "పన్నెండూ ఐదుకు తింటామ్మా" అన్నాడు. తిన్నది మూడింటికి.

పన్నెండు కొట్టగానే కొనే బటన్ కనబడింది. నొక్కితే చక్రం తిరిగింది, తిరుగుతూనే ఉండింది. ఒక ఫోన్‌లో తెల్ల పేజీ, ఇంకోదాంట్లో "ఏదో పొరపాటు జరిగింది, మళ్లీ ప్రయత్నించండి". మూడో ఫోన్ మాత్రం పేమెంట్ దాకా పోయింది. యూపీఐ పిన్ కొట్టాడు. 24,999 రూపాయలు కట్ అయినట్టు బ్యాంకు మెసేజ్ వచ్చింది. ఆర్డర్ల పేజీ చూస్తే ఖాళీ. ఇంకో రెండు నిమిషాలకు "సోల్డ్ అవుట్" బోర్డు పెట్టేశారు. డబ్బు తిరిగొచ్చింది నాలుగో రోజు. అంతవరకు వాడి మొహం, శెనక్కాయ ఊడలు దిగే వేళకు వాన ఎగ్గొడితే మా పక్క రైతు మొహం ఎలా ఉంటుందో అలా ఉండింది.

అప్పటి నుంచి మా ఇంట్లో ఇదే వాదన. కొత్త ఫోన్ కావాలంటే ఆన్‌లైన్ సేల్‌లో పోటీ పడటం మేలా, మన అనంతపురం సుభాష్ రోడ్డులోనే షాపులో అడ్వాన్స్ కట్టడం మేలా, లేక నెల ఆగడం మేలా? వాడు మొదటిది అంటాడు, మా అక్క మూడోది అంటుంది. నేను షాపు పక్షం, అయితే కళ్లు మూసుకుని కాదు.

ముందు ఆన్‌లైన్ సంగతి. ఇది ఈనాటి జబ్బు కాదు. 2014 జూలైలో షావోమీ ఎంఐ 3 ఫోన్ 13,999 రూపాయలకు ఫ్లిప్‌కార్ట్‌లో మొదటిసారి అమ్మకానికి వచ్చిన రోజు ఆ తాకిడికి సైటు చతికిలబడింది. సెప్టెంబరులో రెడ్‌మీ 1ఎస్ 40,000 ఫోన్లు 4.2 సెకన్లలో అయిపోయాయని ప్రకటించారు. మన నెట్‌లో పేజీ తెరుచుకోవడానికే అంత పడుతుంది. అదే ఏడాది అక్టోబరు 6న ఫ్లిప్‌కార్ట్ వాళ్ల బిగ్ బిలియన్ డే సేల్ నాడు జనం ఎంత తిట్టుకున్నారంటే, ఆ కంపెనీ పెట్టిన సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ ఇద్దరూ కొనుగోలుదారులకు క్షమాపణ ఉత్తరం రాశారు. ఇక 2016 ఫిబ్రవరిలో 251 రూపాయల ఫోన్ గుర్తుందా? బుకింగ్ మొదలైన రోజే దాని సైటు కూలింది. ఆ ఫోన్ చేతికొచ్చినవాళ్లు మా ఊళ్లో నాకు ఒక్కరూ తెలియదు. సైటు పడిపోయిందంటే సరుకు గొప్పదని అనుకునే అలవాటు మనకు అప్పుడే పోయి ఉండాల్సింది.

ఇంతకూ ఎందుకు పడిపోతుంది? ఫోన్ బొమ్మ, ధర, వివరాలు చూపించే పేజీకి నకళ్లు తీసి దేశమంతా చాలా సర్వర్లలో పెట్టుకోవచ్చు. ఎంతమంది చూసినా అది తట్టుకుంటుంది. ఇంకా ఎన్ని పీసులు మిగిలాయన్న లెక్కకు అలా నకళ్లు తీసి పంచడం కుదరదు. ఒకే పీసును ఇద్దరికి అమ్మకూడదు కదా. అందుకని బటన్ నొక్కిన ప్రతివాడూ ఆ ఒక్క లెక్క దగ్గరకే రావాలి. కొట్టు ఎంత పెద్దదైనా గల్లాపెట్టె ఒక్కటే అన్నమాట. అక్కడ ఆలస్యమయ్యేసరికి మనం ఊరుకుంటామా, పేజీని మళ్లీ మళ్లీ రిఫ్రెష్ కొడతాం. కొట్టిన ప్రతిసారీ క్యూలో ఇంకో మనిషి చేరినట్టే. మావాడు ఒక్కడే నలుగురై నిలబడ్డాడు.

డబ్బు ఇరుక్కునేది దీని తర్వాతి మెట్టులో. బ్యాంకు తన పని తాను చేసి "డబ్బు ముట్టింది" అని కబురు పంపుతుంది. ఆ కబురు అందుకోవాల్సిన సైటు అప్పటికే స్పృహలో ఉండదు. ఇలాంటి వాటికి రిజర్వ్ బ్యాంకు 2019లోనే గడువు పెట్టింది. కొట్టుకు కట్టిన డబ్బు మన ఖాతాలో కట్ అయి వాళ్లకు ఖరారు కబురు అందకపోతే, ఆ రోజు కాక ఐదు రోజుల్లో దానంతటదే తిరిగి పడాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి, మనం అడగకపోయినా సరే. కాబట్టి కట్ అయిన మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. కంగారులో రెండోసారి మాత్రం కట్టొద్దు. సైటువాళ్లు ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. తేల్చకపోతే 1915కు ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు విడుదల చేసేటప్పుడు సైటు మనల్ని వరుసలో పెట్టి, ఇంతసేపు ఆగండని చెబుతుంది. దొరకకపోయినా ఎక్కడ నిలబడ్డామో తెలుస్తుంది. ఫోన్లు అమ్మేచోట ఆ మాత్రం వరుస ఎందుకు పెట్టరో నాకు అంతుపట్టదు. ఆపిల్ పద్ధతి వేరు. కొత్త ఐఫోన్ బుకింగ్‌కు కొన్ని గంటల ముందు తన ఆన్‌లైన్ స్టోరును తనే మూసి, "మళ్లీ వస్తాం" అని బోర్డు పెడుతుంది. ఈమధ్య ఏళ్లలో మనకు ఆ బుకింగ్ సాయంత్రం 5:30కు తెరుచుకుంటోంది. దాన్ని చూసి సైటు పడిపోయిందని మావాడు ఒకసారి సంబరపడ్డాడు. అది షట్టరు దించడమేరా అని చెప్పాల్సి వచ్చింది.

ఇక షాపు. నిరుడు మా అమ్మాయి ఫోన్‌కు సుభాష్ రోడ్డులో రెండు వేలు అడ్వాన్స్ కట్టాను.

"ఎప్పుడొస్తాదబ్బా?"

"శుక్రవారం వస్తాదిలేన్నా. రాకపోతే నేను యాడికి పోతా, ఈడే ఉంటా కదా."

శుక్రవారం రాలేదు, సోమవారం వచ్చింది. కానీ ఆ మూడు రోజులూ నాకు టెన్షన్ లేదు. రసీదు జేబులో ఉంది, మనిషి కౌంటరు వెనకే ఉన్నాడు. ఆన్‌లైన్‌లో ఏ రేటుకు ఎంత వెతికినా దొరకనిది నాకు ఇదే. పాత ఫోన్ మార్పిడి బేరం కూడా ఎదురెదురుగా తేలిపోతుంది. ఆన్‌లైన్‌లో ఒక ధర చూపించి, ఇంటికొచ్చినవాడు స్క్రీన్ మీద గీత చూసి ఇంకో ధర చెప్పే బాధ లేదు.

అలాగని షాపువాళ్లు ధర్మాత్ములని కాదు. కొత్త మోడల్ మొదటి వారంలో "కవరు, గ్లాసు, ఇన్సూరెన్స్ తీసుకుంటేనే పీసు" అనేవాళ్లున్నారు. ముందు బుక్ చేసిన మనకు లేని స్టాకు, ఎవరో తెలిసినాయన ఫోన్ చేస్తే ఊడిపడుతుంది. కాబట్టి రసీదు మీద మోడల్, రంగు, స్టోరేజీ, మొత్తం ధర, రాకపోతే అడ్వాన్స్ వాపసు అన్న మాట రాయించుకోవాలి. రాయనంటే పక్క షాపుకు పోవడమే. ధరలో తేడా నేను చూసినంతలో ఐదొందల నుంచి వెయ్యిన్నర దాకా. అది కూడా ఎక్కువగా బ్యాంకు కార్డు ఆఫర్ వల్లే. అదే ఆఫర్ చాలాసార్లు షాపులో స్వైపింగ్ మెషీన్ మీద కూడా వస్తుంది, అడగాలంతే. అడక్కపోతే వాళ్లు చెప్పరు.

ఐఫోనే కావాలి, మొదటి రోజే కావాలి అనేవాళ్లకు మన ఊరినుంచి ఇంకో దారి ఉంది. 2025 సెప్టెంబరు 2న బెంగళూరు హెబ్బాళలో ఆపిల్ సొంత స్టోరు తెరిచింది. మనం 44వ నంబరు జాతీయ రహదారి మీద బెంగళూరులోకి పోయేది ఆ వైపు నుంచే. రెండొందల పైచిలుకు కిలోమీటర్లు. ఆన్‌లైన్‌లో బుక్ చేసి అక్కడ తీసుకోవడం బాగానే ఉంటుంది, బుక్ అయితే.

ఆగడం గురించి మా అక్క చెప్పేది చిన్న మాటే అయినా తీసిపారేయలేను. నెల ఆగితే సైటు పడదు, షాపువాడు గ్లాసు అంటగట్టడు. కొత్త ఫోన్ వేడెక్కుతుందో లేదో ముందు కొన్నవాళ్లే చెబుతారు, సాఫ్ట్‌వేర్ తప్పులకు ఒకటో రెండో అప్‌డేట్లు వచ్చేస్తాయి. పాత మోడల్ చాలనుకుంటే ఇంకా లాభం. ఐఫోన్ 16 రాగానే 79,900 ఉన్న ఐఫోన్ 15 ధర 69,900కు దిగింది.

నన్నడిగితే ముప్పై వేల లోపు ఫోన్‌కు ఆగడమే మేలు. అంతకు మించిన ఫోన్ మొదటి వారంలోనే కావాలంటే షాపులో అడ్వాన్స్. ఆన్‌లైన్ సేల్ ఎవరికంటే, షాపులో రాని కార్డు ఆఫర్ చేతిలో ఉండి, డబ్బు ఐదు రోజులు ఇరుక్కున్నా ఇంటి ఖర్చుకు ఇబ్బంది లేనివాళ్లకు. జీతమంతా ఒకే ఖాతాలో ఉన్న కుర్రాళ్లకు మాత్రం వద్దంటాను.

మావాడు చివరికి ఆ ఫోన్ పద్దెనిమిది రోజుల తర్వాత సుభాష్ రోడ్డులోనే కొన్నాడు, సేల్ ధర మీద ఏడొందలు ఎక్కువ పెట్టి. నా మాట విని గ్లాసు మాత్రం వేయించుకోలేదు. వారానికే స్క్రీన్ మీద గీత పడింది. ఇప్పుడు ఆ గీత కూడా నా ఖాతాలోనే రాస్తున్నాడు.