ఏడేళ్ళుగా తొక్కుతున్న దారి: ధవళేశ్వరం నుంచి లొల్ల లాకుల దాకా

మా ఇల్లు రాజమహేంద్రవరంలో, గోదావరి గట్టుకు నాలుగు వీధుల అవతల. హైస్కూలు రోజుల్లో తొక్కి పెళ్ళయ్యాక వదిలేసిన సైకిలును నలభయ్యో ఏట మళ్ళీ పట్టుకున్నాను. అప్పటినుంచి ఏడేళ్ళుగా ధవళేశ్వరం, బొబ్బర్లంక, ఆత్రేయపురం, లొల్ల లాకుల దారిలో ఏటా పది పన్నెండు సార్లయినా వెళ్తున్నాను. ఒక్కదాన్నే వెళ్ళింది తక్కువ. ఎక్కువసార్లు ఎవరో ఒక కొత్తవాళ్ళు నా వెంట ఉన్నారు. మా ఆడపడుచు, తోటికోడలు, మా బ్యాంకులో పనిచేసే అమ్మాయిలు, ఒకసారి అరవై దాటిన మా పిన్ని. వాళ్ళు ఎక్కడ అలిసిపోయారో, ఎక్కడ భయపడ్డారో, ఎక్కడ నవ్వారో చూసిన మీదట రాస్తున్న సమీక్ష ఇది.

కొత్తగా సైకిలు ఎక్కేవాళ్ళకు మా గోదావరి సీమలో ఇంతకంటే మంచి దారి నాకు దొరకలేదు. అయితే నీళ్ళ పక్కన తొక్కాలని వచ్చేవాళ్ళకు మొదటే ఒక మాట చెబుతాను. చూడడానికి నది గొప్పది. తొక్కడానికి కాలువ మేలు. ఏటిగట్టు వరదకు అడ్డుగా కట్టింది కాబట్టి ఎత్తుగా ఉంటుంది. చాలాచోట్ల నీడ ఉండదు, ర్యాంపుల దగ్గర ఇసుక ట్రాక్టర్లు తిరుగుతుంటాయి, గట్టు ఎక్కిన ప్రతిసారీ కొత్తవాళ్ళకు ఆయాసం వస్తుంది. డెల్టా కాలువలు అలా కాదు. ఇవి సాగునీటితో పాటు పడవలు నడవడానికి కూడా తవ్వినవి. నీళ్ళు నెమ్మదిగా జారాలి కాబట్టి వాలు కాలికి తెలియనంత తక్కువ పెట్టారు. నేల దిగిపోయే చోట లాకు (పడవలను ఒక నీటిమట్టం నుంచి ఇంకోదానికి దాటించే తలుపుల కట్టడం) కట్టి ఆ తేడాను అక్కడే తీర్చేశారు. అందుకే కాలువ వెంట వేసిన రోడ్డు చేత్తో చదును చేసినట్టు ఉంటుంది. పిన్ని మోకాళ్ళ నొప్పులతోనే ఇరవై కిలోమీటర్లు తొక్కగలిగిందంటే ఆ చదునే కారణం.

శనివారం, ఆదివారం పంచుకోవడంలో నేను మొదట రెండేళ్ళు పొరపాటు చేశాను. ఉత్సాహం ఉన్నప్పుడే దూరం వెళ్ళాలని శనివారం పొద్దున్నే కాలువ దారి పట్టేవాళ్ళం. ఆత్రేయపురం దగ్గరి వాడపల్లి వెంకటేశ్వరస్వామికి ఏడు శనివారాల మొక్కు ఉన్నవాళ్ళు వేల సంఖ్యలో వస్తారు. ఆ రోజు ఆటోలు, కార్లు, కాలినడకన వచ్చే భక్తులు, అందరిదీ అదే దారి. కొత్తవాళ్ళు ఆ రద్దీలో సైకిలు తొక్కలేరు, తొక్కకూడదు కూడా. అందువల్ల ఇప్పుడు శనివారం సాయంత్రం పొట్టి దూరం, ఆదివారం పొద్దున పొడుగు దూరం.

శనివారం నాలుగింటికి పుష్కర ఘాట్ దగ్గర కలుసుకుంటాం. 1900 నాటి హేవలాక్ వంతెన, దాని పక్కన విల్లుల్లాంటి ఆర్చీలతో కొత్త రైలు వంతెన కనిపిస్తూ ఉంటాయి. అక్కడి నుంచి నది వెంట ధవళేశ్వరం దాకా వెళ్ళి వెనక్కి రావడం, అంతే. రానూపోనూ పన్నెండు నుంచి పదిహేను కిలోమీటర్లు. గోదావరి మీద ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పేరిట అక్కడున్న మ్యూజియం చూడాలనుకుంటే ఇంకో గంట ముందు బయలుదేరాలి. 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ఆనకట్ట నమూనా, ఆనాటి పనిముట్లు అక్కడ చూసినవాళ్ళకు మర్నాడు కాలువ పక్కన తొక్కుతుంటే ఆ నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో కళ్ళకు కడుతుంది. ఇప్పుడు మనం దాటే బ్యారేజీ ఆ పాత ఆనకట్ట కాదు, 1982లో పూర్తయిన కొత్తది.

ఈ పొట్టి దూరం వల్ల అసలు లాభం వేరే ఉంది. సీటు ఎత్తు ఆ సాయంత్రమే తేలిపోతుంది. కొత్తవాళ్ళందరూ రెండు కాళ్ళూ నేలకు పూర్తిగా ఆనేలా సీటు కిందికి దించుకుంటారు. మా ఆడపడుచు కూడా అలాగే దించుకుంది. ధవళేశ్వరం చేరేలోపే మోకాలి చిప్ప కింద సలుపు మొదలైంది. సైకిలును గోడకు ఆనించి ఎక్కమన్నాను. పెడలు అట్టడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద పెట్టించాను. కాలు తిన్నగా సాగాలి, తన మోకాలు మాత్రం బాగా వంగి ఉంది. సీటు రెండు వేళ్ళు పైకి లేపాను.

"వదినా, ఇప్పుడు కాళ్ళు నేలకు అందడం లేదు, ఆగితే పడిపోతాను" అంది.

"ఆగేటప్పుడు సీటు మీదే కూర్చోకమ్మా. బ్రేకు పట్టి, ముందుకు దిగి, ఒక కాలు నేల మీద పెట్టు" అన్నాను.

ఆ ఒక్కటీ ఖాళీ స్థలంలో ఇరవై సార్లు చేయించాను. తిరుగు ప్రయాణంలో మోకాలి సంగతే ఎత్తలేదు. అందుకే ఎవరు వచ్చినా ఆ ఇరవై సార్లు దిగడం ఇప్పుడు తప్పనిసరి చేశాను. కాలువ దారిలో ఎదురుగా గేదెల మంద వచ్చినప్పుడు చక్కగా దిగడం వచ్చినవాళ్ళు మాత్రమే నిబ్బరంగా ఉంటారు.

ఆదివారం పొద్దున సైకిళ్ళు వాహనంలో వేసుకుని బొబ్బర్లంక చేరతాం. బ్యారేజీ మీద కొత్తవాళ్ళ చేత తొక్కించను. అక్కడి రోడ్డు ఇరుకు, బస్సులూ లారీలూ పక్కనుంచి రాసుకుంటూ వెళ్తాయి, నది మీది గాలి ఒక్కసారి పక్కకు తోస్తుంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా సాగే ఆ బ్యారేజీలో ర్యాలి భాగం దాటగానే బొబ్బర్లంక. గోదావరి గౌతమిగా, వసిష్ఠగా విడిపోయే చోటు ఇది. కోనసీమకు ఇదే తల. ఇక్కడి నుంచి మధ్య డెల్టా కాలువ బయలుదేరుతుంది, దాని పక్కనే మన దారి.

చలికాలంలో ఆరున్నరకు గానీ సూర్యుడు రాడు. ఆరింటికి అక్కడ ఉంటే కాలువ మీద మంచు పొగలా లేస్తుంటుంది, అవతలి గట్టున కొబ్బరి చెట్లు మొదళ్ళు లేకుండా తలలు మాత్రమే కనిపిస్తాయి. మంచు దట్టంగా ఉంటే మాత్రం ఏడు దాకా ఆగుతాం, సైకిలుకు వెనక ఎర్ర దీపం ఉన్నా సరే.

ఈ దారికి ఉన్న అసలు ప్రమాదం కాలువే. చాలాచోట్ల రోడ్డుకూ నీళ్ళకూ మధ్య గోడ ఉండదు. చూపు ఎటు పోతే చక్రం అటే పోతుంది. కొత్తవాళ్ళు నీళ్ళ అందం చూస్తూ తమకు తెలియకుండానే గట్టు అంచుకు వచ్చేస్తారు. తొక్కేటప్పుడు పది గజాల ముందు రోడ్డు మీదే చూపు ఉంచండి, నీళ్ళను ఆగి చూడండి. నేను ప్రతి రెండు మూడు కిలోమీటర్లకూ ఆపుతాను. ఎంత దూరం వచ్చామని అడిగితే చెప్పను, ఎన్ని చోట్ల ఆగామో లెక్క చెబుతాను. ఇలా ఆగుతూ వెళ్తే గంటకు పది కిలోమీటర్లు కూడా దాటవు. దాటకపోతేనే బాగుంటుంది.

ఆత్రేయపురం దాదాపు పది కిలోమీటర్లు. అక్కడ అరగంటకు పైగా ఆగాల్సిందే. పూతరేకులు పెట్టెల్లో ఎక్కడైనా దొరుకుతాయి, చేస్తుండగా చూడడం వేరు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట. పలుచటి బియ్యప్పిండి నీళ్ళలో తడిపిన గుడ్డను కుండ మీద ఒక్క లాగు లాగుతారు. రెప్పపాటులో తెల్లటి పొర ఆరి అంచులు లేస్తాయి, వేళ్ళతో ఒలిచి పక్కన పెడతారు. అంత పలుచటి పొర చిరగకుండా తీసే ఆ చేతుల వేగం ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. ఈ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేతిది ఒక్కటే తినండి, రెండోది ఇంటికి కట్టించుకోండి. కడుపు నిండితే తొక్కడం కష్టం.

కాళ్ళు బరువెక్కినవాళ్ళు ఇక్కడి నుంచే వెనక్కి తిరగవచ్చు, అందులో తక్కువతనం ఏమీ లేదు. ఓపిక ఉంటే ఇంకాస్త ముందుకు వెళ్తే లొల్ల లాకులు. కాలువ ఇక్కడ పాయలుగా చీలి కోనసీమ లోపలికి వెళ్తుంది. చీలే చోట నీళ్ళ హోరు, చెట్ల నీడ, పాత రాతి కట్టడం. సినిమాల వాళ్ళు ఇక్కడికి ఎందుకు వస్తారో నిలబడితే తెలుస్తుంది. తొమ్మిదికల్లా ఇక్కడి నుంచి మళ్ళాలన్నది నా నియమం. ర్యాలి జగన్మోహినీ కేశవస్వామిని కూడా అదే రోజు చూసేద్దామని చాలామంది అడుగుతారు. ముందు కేశవుడు, వెనక మోహిని ఉన్న ఆ ఏకశిలా విగ్రహాన్ని తీరికగా చూడాలి. దాన్ని ఇంకో వారానికి ఉంచుకోండి.

తొమ్మిది అని పట్టుబట్టడానికి కారణం గాలి. చలికాలం పొద్దున ఉత్తరపు గాలి వీపున ఉంటుంది. లొల్ల వైపు వెళ్తుంటే సైకిలు తనంతట తానే పోతున్నట్టు ఉంటుంది, కొత్తవాళ్ళు తమ బలమే అనుకుని రావులపాలెం దాకా వెళ్దామంటారు. మొదటి ఏడాది నేనూ ఒప్పుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు ఎదురుగాలి, పైన ఎండ. మా బ్యాంకు అమ్మాయి ఒకతె సగం దారిలో కొబ్బరి చెట్టు కింద కూర్చుని ఇక రాలేనని ఏడ్చింది. తప్పు నాదే. అప్పటినుంచి ఒంట్లో ఉన్న ఓపికలో మూడో వంతుకే వెనక్కి తిప్పుతున్నాను.

ఇక లోపాలు. మొదటిది, ఆడవాళ్ళకు దారిలో మరుగుదొడ్లు దాదాపు లేవు. ఆత్రేయపురంలో ఆగినప్పుడే ఆ ఏర్పాటు చూసుకోవాలి. నీళ్ళు తాగడం మానేసి తొక్కేవాళ్ళను చూశాను, అది ఇంకా చేటు. గంటకు అర లీటరైనా తాగండి, ఉప్పు వేసిన మజ్జిగ అయితే మరీ మంచిది. రెండోది, ఊళ్ళ శివార్లలో కాలువలోకి చెత్త పోస్తున్నారు. ఏడేళ్ళలో ఇది పెరిగింది, చూసిన ప్రతిసారీ మనసు కలుక్కుమంటుంది. మూడోది కుక్కలు. తరిమినప్పుడు వేగం పెంచకండి. దిగి, సైకిలును మధ్యలో ఉంచుకుని నడిస్తే చాలావరకు ఊరుకుంటాయి.

పంక్చరు సంగతి విడిగా చెప్పాలి. గట్టు మీద నల్లతుమ్మ ముళ్ళు రాలి ఉంటాయి. ఒకసారి నా వెనక టైరు దిగిపోతే రెండు కిలోమీటర్లు నడిపించుకుంటూ ఒక ఊళ్ళో మెకానిక్కు దగ్గరికి చేరాను. పెద్దాయన నీళ్ళ పళ్ళెంలో ట్యూబు ముంచి, బుడగలు వచ్చే చోట వేలు పెట్టి, చక్కగా ప్యాచీ వేశాడు. తీరా గాలి కొట్టబోతే ఆయన పంపు నోరు నా సైకిలు సన్నటి వాల్వుకు పట్టలేదు. "అమ్మా, పని అయిపోయింది గానీ ప్రాణం పోయలేకపోతున్నాను" అని ఆయన బాధపడ్డాడు. ఊళ్ళలో దొరికే ట్యూబులు, పంపులు పాత సైకిళ్ళకు సరిపడేవి. సన్నటి వాల్వు ఉన్నవాళ్ళు వేలెడు కూడా లేని ఇత్తడి అడాప్టరు ఒకటి, అదనపు ట్యూబు ఒకటి తప్పక వెంట ఉంచుకోండి. నా తాళపు చెవుల గుత్తికి ఆ అడాప్టరు ఇప్పటికీ వేలాడుతూనే ఉంది. మీకు మీ పాత లేడీస్ సైకిలే ఉంటే దాన్నే తీసుకురండి. ఇంత చదును దారికి గేర్లు అక్కరలేదు.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు రావడం మంచిది. సంక్రాంతి వారం మాత్రం వద్దు, కోనసీమ రోడ్లన్నీ కార్లతో నిండిపోతాయి. వేసవిలో దాళ్వా (రబీ వరి) పంటకు నీళ్ళు అయిపోయాక మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. అప్పుడు వస్తే మీకు కనిపించేది బురద. జూన్‌లో నీళ్ళు వదిలినా, జులై నుంచి సెప్టెంబరు దాకా వరద సంగతి చూసుకోవాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక ఇస్తారు. ఆ వార్త విన్నాక సైకిలు బయటికి తీయకండి. వాన పడితే గట్టు మీది ఒండ్రుమట్టి చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య ఇరుక్కుని సైకిలు కదలదు.

కడియం నర్సరీలకు సైకిలు మీద వెళ్తామని అడిగేవాళ్ళు ఎక్కువ. పూల కోసం తప్పక వెళ్ళండి, కారులోనో బస్సులోనో వెళ్ళండి. కడియపులంక దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద లారీల మధ్య కొత్తవాళ్ళ చేత తొక్కించడానికి నాకు ధైర్యం చాలదు.

నవంబరు, డిసెంబరుల్లో వచ్చేవాళ్ళకు ఇంకొక్క మాట. కోతలయ్యాక రైతులు రోడ్డు పక్కన ధాన్యం ఆరబోస్తారు, గడ్డి కూడా పరుస్తారు. గడ్డి మీద తొక్కితే అది గొలుసులో చుట్టుకుంటుంది, గింజల మీద తొక్కితే చక్రం జారుతుంది, పైగా అది వాళ్ళ ఏడాది కష్టం. దిగి, పక్కనుంచి నడిపించుకు వెళ్ళండి. పోయిన డిసెంబరులో అలా నడిపించుకుంటూ వెళ్తుంటే ధాన్యం తిరగేస్తున్న ఒకావిడ పార పక్కన పెట్టి, "ఎక్కడినుంచి వస్తున్నారమ్మా?" అని పలకరించింది. రాజమండ్రి నుంచి అన్నాం. ఇంట్లోకి వెళ్ళి చెంబుతో మంచినీళ్ళు తెచ్చింది. మా ఆడపడుచు తాగి, చెంబు తిరిగి ఇస్తూ తన సైకిలు ఆవిడ చేతికి ఇచ్చింది. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, కళ్ళం చుట్టూ ఒక చుట్టు తొక్కి వచ్చి, "సీటు ఎత్తుగా ఉందమ్మా" అంది.