కిల్లార్నీలో టార్క్ కొండ: ఎక్కడ దిగాలి, ఏం చూడాలి

డబ్లిన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లలో చాలామంది ఐర్లాండ్ నైరుతి మూలనున్న కిల్లార్నీని బస్సు టూరులో ఒక్కరోజులో ముగించేస్తారు. టార్క్ జలపాతం దగ్గర కాసేపు ఆపుతారు, ఫొటోలు దిగుతారు, బస్సెక్కేస్తారు. అలా వెళ్తే జలపాతం చూసినట్టే గానీ దాని వెనకున్న కొండను చూసినట్టు కాదు. నా మాట వింటే ఆ కొండ కోసమే వెళ్లండి, కనీసం రెండు రాత్రులు ఉండండి.

టార్క్ ఎత్తు 535 మీటర్లే. ఆ పక్కనే ఐర్లాండ్‌లోకెల్లా ఎత్తైన కారంటూహిల్ 1,039 మీటర్లు ఉంది కాబట్టి, ట్రెక్కింగ్ పిచ్చి ఉన్నవాళ్లు అటు పరుగెత్తుతారు. చెట్టూ చేమా, జంతువులూ చూడాలనుకునేవాళ్లకు మాత్రం టార్కే మేలు. జలపాతం నుంచి పైకెళ్లి దిగడానికి దాదాపు 8 కిలోమీటర్లు, తాపీగా నడిస్తే మూడు నాలుగు గంటలు. ఈ కొండ ఉన్న కిల్లార్నీ నేషనల్ పార్కుకు ప్రవేశ రుసుము లేదు.

కింద మక్రాస్ సరస్సు ఒడ్డున సున్నపురాయి, పైన కొండంతా ఎర్ర ఇసుకరాయి. రాయి మారిన చోట అడవీ మారిపోతుంది. సున్నపురాతి మీద యూ అనే, ఏడాదంతా పచ్చగా ఉండే సూదాకుల చెట్ల అడవి ఉంది. మట్టి పెద్దగా లేని బండల మీద నాచు పరుచుకుని, దాని మీదుగా వేళ్లు పాకి ఉంటాయి. అలాంటి యూ అడవులు పశ్చిమ ఐరోపాలోనే చాలా తక్కువ. ఇసుకరాతి వాలు మీద ఓక్ చెట్లు. కొమ్మకొమ్మకీ నాచు, ఆ నాచులోంచి ఫెర్న్ మొక్కలు.

వాన పడితే గదిలో కూర్చోకండి. కెర్రీ స్లగ్ బయటికొచ్చేది అప్పుడే. జలపాతం పైన తడిసిన బండ మీద కనిపించింది మాకు. వేలెడంత నత్త, గుల్ల లేదు. నల్లటి ఒంటి నిండా తెల్ల చుక్కలు. రాతికి పొరలా అంటుకుని పెరిగే లైకెన్‌ను నెమ్మదిగా గీరి తింటోంది. చెట్ల నీడలో ఉండేవి గోధుమరంగులో, పసుపు చుక్కలతో ఉంటాయి. చట్టం రక్షణలో ఉన్న జీవి, ముట్టుకోకండి. ఐర్లాండ్ కాకుండా ఇది సహజంగా ఉండేది స్పెయిన్, పోర్చుగల్‌లలోనే. సరస్సు ఒడ్డున పెరిగే స్ట్రాబెర్రీ చెట్టు కూడా మధ్యధరా ప్రాంతాల్లో ఉంటుంది గానీ బ్రిటన్‌లో సహజంగా పెరగదు. మధ్యలో ఉన్న బ్రిటన్‌ను వదిలేసి ఇవి ఇక్కడికెలా చేరాయన్నది శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటున్న సంగతి. ఆ చెట్టుకు కాయ పండటానికి ఏడాది పడుతుంది. అందుకే శరదృతువులో ఒకే కొమ్మకు తెల్లపూలు, ఎర్రపళ్లు కలిసి కనిపిస్తాయి.

చెట్లు దాటాక బోడి కొండ, కింద చిత్తడి పీట్ నేల, అంటే సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న మెత్తటి నేల. పాత రైలు స్లీపర్లు పరిచి, జారకుండా ఇనుప వల కొట్టారు. దాని మీద నుంచి దిగొద్దు, మోకాలిదాకా కూరుకుపోతారు. రెడ్ డీర్‌ను చూడాలంటే ఈ బయలే సరైన చోటు. మన కణుజుకు దగ్గరి చుట్టం అది. 1970 నాటికి వందకు లోపు మిగిలిన ఈ మంద, కాపాడుకోబట్టి మళ్లీ వందల్లోకి పెరిగింది. అక్టోబరులో మగవి జతకోసం గర్జిస్తాయి. తెల్లారకముందే వెళ్తే లోయంతా ఆ గొంతులే. దగ్గరికి మాత్రం వెళ్లకండి, ఆ రోజుల్లో వాటికి భయం ఉండదు. బైనాక్యులర్స్ ఉంటే ఆకాశం మీదా కన్నేసి ఉంచండి. ఒకప్పుడు ఈ దేశంలో పూర్తిగా అంతరించిన తెల్లతోక గద్దలను 2007 నుంచి నార్వే నుంచి పిల్లలుగా తెచ్చి ఇక్కడ వదిలారు.

నాకు బాధ కలిగించినవి రెండు. జూన్‌లో ఊదాపూలతో అందరూ మెచ్చుకునే రోడోడెండ్రాన్ బయటినుంచి తెచ్చిన పొద. దాని నీడలో ఓక్ మొలక బతకదు. ఇక 2021 ఏప్రిల్‌లో మంటలు లేచి పార్కులో వేల ఎకరాలు కాలిపోయాయి. ఏప్రిల్ ప్రాంతంలో కొండమీద స్టవ్ వెలిగించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

బస సంగతి. ఊరి నడిబొడ్డు హోటళ్లలో రాత్రి పబ్బుల హోరు, కొండకు ఏడు కిలోమీటర్ల దూరం. మక్రాస్ రోడ్డు మీదున్న బీ అండ్ బీలు, అంటే ఇంట్లోనే గది, పొద్దున టిఫిను ఇచ్చే బసలు, నాకు నచ్చాయి. శాకాహారులమని ముందురోజే చెబితే గుడ్లు, పుట్టగొడుగులు, బీన్స్, టోస్ట్ పెట్టారు, పొద్దున్నే వెళ్తామంటే ఇంటావిడ శాండ్‌విచ్‌లు కట్టిచ్చింది. జులై, ఆగస్టుల్లో అద్దెలు మండిపోతాయి. అక్టోబరు వారం మధ్యలో బాగా తగ్గుతాయి.

తిరగడానికి సైకిలే అన్నిటికన్నా మేలు. ఊళ్లోనే అద్దెకిస్తారు, మక్రాస్ దాకా దారి చాలావరకు పార్కు లోపలే, చదునుగా ఉంటుంది. గుర్రబ్బండ్లు ముచ్చటగా ఉంటాయి, ఎక్కేముందే ధర, ఎక్కడిదాకా అన్నది మాట్లాడుకోండి. టాక్సీని నమ్ముకోకండి. మేం బుక్ చేసింది రానేలేదు, వానలో నడిచే ఊరు చేరాం. కారుంటే తొమ్మిదిలోపు జలపాతం దగ్గరుండాలి, తర్వాత పార్కింగ్ దొరకదు. రైల్లో వచ్చేవాళ్లు డబ్లిన్ హ్యూస్టన్‌లో ఎక్కి, చాలాసార్లు మ్యాలోలో మారాలి.

వేసవిలో మిడ్జ్ అనే సన్నటి కుట్టే పురుగులు పీక్కుతింటాయి, మందు రాసుకోండి. ఫెర్న్ పొదల్లో నడిచాక మోకాళ్ల వెనక, నడుం దగ్గర పిడుదులున్నాయేమో పిల్లలకు తప్పకుండా చూడండి. వాటివల్ల లైమ్ వ్యాధి రావచ్చు, కాబట్టి ఎండ కాసినా నిండు ప్యాంటే వేసుకోండి.