ఆరేళ్లు వాడిన కెగ్ సెటప్, దాని గ్యాస్ లీకులు

డల్లాస్ శివార్లలో మా గరాజులో ఆరేళ్లుగా సొంతంగా బీరు చేసుకుంటున్నాను. సెటప్ మామూలుదే: ఒకప్పుడు సోడా సిరప్పుకు వాడిన 19 లీటర్ల బాల్ లాక్ కెగ్గులు (కనెక్టరు నొక్కగానే పట్టుకునే రకం స్టీలు పీపాలు) నాలుగు, 5 పౌండ్ల కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, రెండు గేజీల రెగ్యులేటరు, గ్యాసును నాలుగు కెగ్గులకూ పంచే నాలుగు వాల్వుల మానిఫోల్డు, ఇవన్నీ పట్టే చెస్ట్ ఫ్రీజరు. కెగ్గుల స్టీలు చెక్కుచెదరలేదు. నన్ను ఏడిపించినవన్నీ డాలరు కూడా చెయ్యని రింగులు, వాషర్లే.

మొదటి సిలిండరు మూడు కెగ్గులకే ఖాళీ అయింది. ఒక కెగ్గు బీరుకు గ్యాస్ ఎక్కించడానికి 100 గ్రాముల లోపు, దాన్ని గ్లాసుల్లోకి తోయడానికి మరో 60, 70 గ్రాములు పడుతుంది. 5 పౌండ్లంటే దాదాపు 2,270 గ్రాములు. కాస్త వృథా పోయినా డజను కెగ్గులు రావాలి. నేను సిలిండరు ప్రెషరు చూపే పెద్ద గేజీని నమ్ముకుని మోసపోయాను. లోపల ద్రవం ఉన్నంత వరకు దాని ముల్లు కదలదు, ద్రవం అయిపోయాకే పడిపోతుంది. పైగా సిలిండరును ఫ్రీజరులో పెడితే, లీకు లేకపోయినా చల్లదనానికే 800 పీఎస్ఐ పైనుంచి 500 చిల్లరకు దిగుతుంది. అందుకే ఇప్పుడు తూకమే నా గేజీ. సిలిండరు మెడ మీద టీడబ్ల్యూ అని కొట్టి ఉన్నది ఖాళీ బరువు. ఇండియా ప్రయాణాలకు సూట్‌కేసులు తూచే చేతి కాటాతో ప్రతి ఆదివారం తూచి, బరువు గోడ మీద రాస్తాను.

ఇంట్లో కొత్త గ్యాస్ బండ బిగించాక అమ్మ సబ్బు నురగ రాసి చూసేది. ఇక్కడా అదే పద్ధతి. కాకపోతే వంటగ్యాసుకు వాసన కలుపుతారు, లీకైతే ముక్కుకు తెలుస్తుంది. దీనికి ఏ వాసనా ఉండదు. నేను స్టార్ శాన్ (బీరు సామాను శుభ్రం చేసే క్రిమిసంహారక ద్రవం) కలిపిన నీళ్లనే స్ప్రే చేస్తాను, నురగ బాగా నిలుస్తుంది. చల్లి వెంటనే వెళ్లిపోకండి. సన్న లీకుకు బుడగ కనిపించడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది.

స్ప్రే కంటే నాకు ఎక్కువ పనికొచ్చింది ఒక్కో భాగాన్నీ విడిగా పరీక్షించడం. మానిఫోల్డు వాల్వులన్నీ కట్టేసి, సిలిండరు తెరిచి, మళ్లీ మూసేస్తాను. రెండు గేజీలూ ఎంత చూపిస్తున్నాయో రాసుకుని పడుకుంటాను. పొద్దున్నకు ఏ ముల్లు దిగినా తప్పు రెగ్యులేటరు, గొట్టం, మానిఫోల్డుల్లోనే. దిగకపోతే ఒక్కో కెగ్గుకూ వాల్వు తెరిచి మళ్లీ చూస్తాను. ఒక జాగ్రత్త: గ్యాస్ ఇంకా పట్టని కొత్త బీరున్న కెగ్గుతో ఈ పరీక్ష చేయకండి. బీరే గ్యాసును పీల్చుకుంటుంది, ముల్లు పడిపోతుంది, లేని లీకు కోసం వెతుక్కుంటాం. దానికే నావి రెండు రాత్రులు పోయాయి.

మొదట దొరికింది సిలిండరుకూ రెగ్యులేటరుకూ మధ్య ఉండే నైలాన్ వాషరు. సిలిండరు మార్చిన ప్రతిసారీ కొత్తది వేయాలని నాకు తెలియలేదు, పాతదే వేసి బిగించాను. తర్వాత గొట్టం క్లాంపు. స్క్రూ క్లాంపు సన్న గొట్టాన్ని చుట్టూ సమానంగా పట్టదు. వాటి బదులు చెవి ఉన్న, నొక్కి బిగించే క్లాంపులు వేశాక ఆ బాధ మళ్లీ రాలేదు. గొట్టాలకు మాత్రం సైకిలు షాపువాడి పద్ధతిని మించింది లేదు. ప్రెషరు పెట్టి నీళ్ల బకెట్లో ముంచితే బుడగ ఎక్కడుందో చూపిస్తుంది. రెగ్యులేటరును మాత్రం నీళ్లలో ముంచకూడదు.

అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది గ్యాస్ పోస్టు (కెగ్గు మీద గ్యాస్ కనెక్టరు తగిలించే మొన) మీది రబ్బరు ఓ-రింగు. కనెక్టరు తీసేసి ఎంత చల్లినా ఒక్క బుడగ రాదు, ఎందుకంటే అప్పుడు గ్యాసును ఆపేది లోపల స్ప్రింగుతో మూసుకునే చిన్న వాల్వు, పాపెట్. కనెక్టరు తగిలించినప్పుడే బయటి రింగు మీద భారం పడుతుంది. కెగ్గు బాగుందనే అనుకుంటూ నెల రోజులు గ్యాసు పోగొట్టుకున్నాను. కనెక్టరు తగిలించి ఉంచే చల్లండి, దాన్ని కాస్త అటూ ఇటూ కదిపి చూడండి. బుడగ పోస్టు అడుగున వస్తే, విప్పి డిప్ ట్యూబు (పోస్టు కింద కెగ్గులోకి దిగే గొట్టం) రింగు మార్చండి. విప్పే ముందు కెగ్గులో ప్రెషరంతా వదిలేయాలి. ఏ రింగు వేసినా సన్నగా ఫుడ్ గ్రేడ్ సిలికాన్ గ్రీజు పూస్తాను. మూతకు కూడా పూసి, 30 పీఎస్ఐ ఒక్కసారి కొట్టి కూర్చోబెడతాను.

సిలికాన్ రింగులు మెత్తగా ఉండి, సొట్టపడ్డ మూతలకు బాగా అతుక్కుంటాయి. కానీ వాటి గుండా గ్యాసు మెల్లగా బయటికి పోతుంది, నెలల తరబడి ఉంచే కెగ్గుకు నేను వాటిని వాడను.

దయచేసి ఇది తేలిగ్గా తీసుకోకండి. 5 పౌండ్లు మొత్తం లీకైతే దాదాపు 1,200 లీటర్ల గ్యాసు. గాలి కంటే బరువు కాబట్టి ఫ్రీజరు అడుగున, నేల మీద చేరుతుంది. లీకు అనుమానం ఉంటే ఫ్రీజరు తెరవగానే తల లోపల పెట్టకండి, ఊపిరాడదు. గరాజు తలుపు తీసి కాసేపు ఆగండి. చిన్న గదిలో పెట్టుకున్నవాళ్లు కార్బన్ డయాక్సైడ్ అలారం కొనాల్సిందే.

ఇప్పుడున్న సిలిండరు మీద పది కెగ్గులు అయ్యాయి, పదకొండోది సగంలో ఉంది. మొన్న ఆదివారం తూచితే ఇంకా 430 గ్రాములు చూపించింది.